ఒంటిగంటకి వాయిదా

పొద్దున 10.45. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, హామండ్ పట్టణం. ఫెడరల్ కోర్టులో ఫోను మోగింది.

ఇండియానాపొలిస్ నుంచి ట్రంకాల్. 160 మైళ్ల అవతల లాయరొకాయన లైన్లో ఉన్నాడు. జడ్జిగారితో మాట్లాడాలన్నాడు. బెంచి మీద ఉన్నారని జవాబొచ్చింది. అయితే ఈ కబురు ఆయనకి చెప్పండంటూ జడ్జిగారి సెక్రటరీకి నాలుగు ముక్కలు అప్పజెప్పాడు. పెట్టేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన ఆ కోర్టులో ఉండాలి. ఉండలేడు. అదీ సంగతి. కబురు దారిలో పోలేదు. ఎవరూ మర్చిపోలేదు. ఒక మాటకి ఇంకో మాట రాసుకోనూ లేదు. చెప్పింది చెప్పినట్టే జడ్జి చెవిన పడింది. కొంప మునిగిందీ అక్కడే.

ఆ రోజు 1960 అక్టోబరు 12, బుధవారం. ఐక్యరాజ్య సమితిలో క్రుశ్చేవ్ చెప్పు తీసి బల్ల మీద బాదాడని ఇప్పటికీ చెప్పుకునే రోజు అదే. మర్నాడు రాత్రికి కెనడీ, నిక్సన్ మూడోసారి టీవీ చర్చకి దిగాలి. దేశమంతా రేడియోలకీ టీవీలకీ అతుక్కుపోయి ఉంది. హామండ్ మాత్రం తన పనిలో తానుంది. షికాగో పక్కన, మిషిగన్ సరస్సుకి దగ్గర్లో, ఉక్కు కొలుముల పొగ ముసిరే ప్రాంతం అది. పక్కనే గ్యారీ స్టీలు మిల్లులు, వైటింగ్ చమురు రిఫైనరీ, ఎటు చూసినా రైలు పట్టాలు. ఆ ఊరి కోర్టులో ఆ మధ్యాహ్నం పిలవాల్సిన దావా కూడా రైలు దావానే.

ఒకాయన నడుపుతున్న కారు, వాబాష్ రైల్‌రోడ్ కంపెనీ రైలు గుద్దుకున్నాయి. తప్పు రైల్వేదంటూ ఆయన 1954 ఆగస్టు 24న నష్టపరిహారం దావా వేశాడు. వాబాష్ అంటే అల్లాటప్పా కంపెనీ కాదు. డెట్రాయిట్ నుంచి సెయింట్ లూయిస్ దాకా దాని రైళ్లు ఉరుకుతుండేవి. జనం పాటల్లోకి ఎక్కిన పేరు. అంత పెద్ద కంపెనీకి అంత పెద్ద లాయర్లుంటారు. వాళ్లు మొదటి దెబ్బ గట్టిగానే కొట్టారు.

సాక్షులూ వద్దు, విచారణా వద్దు, కాగితాల మీదే తీర్పు ఇచ్చేయండి అన్నారు. ఈ ఒక్క పేచీ తేలడానికి ఏళ్లు పట్టింది. వ్యవహారం అప్పీలు కోర్టు దాకా పాకింది. చివరికి కారాయనే నెగ్గాడు. దావా బతికింది. ఇక విచారణే తరువాయి అనుకున్నారు. విచారణకి తేదీ పడింది, వాయిదా పడింది. ఇంకో తేదీ పడింది, అదీ పోయింది. మూడేళ్లు దాటాయి. ఫైలు మీద దుమ్ము పేరుకుంది.

1960 సెప్టెంబరు 29న కోర్టు దుమ్ము దులిపింది. రెండు పక్షాల లాయర్లకీ నోటీసులు వెళ్లాయి. అక్టోబరు 12, మధ్యాహ్నం ఒంటిగంట, హామండ్ కోర్టు. ప్రీ-ట్రయల్ కాన్ఫరెన్స్.

విచారణకి ముందు జడ్జి ఇద్దరు లాయర్లనీ కూర్చోబెట్టి పేచీ ఎక్కడుందో, ఎక్కడ లేదో తేల్చుకునే సమావేశం ఇది. సాక్షులెవరు, కాగితాలేవి, రాజీ కుదిరే వీలుందా? ఇలాంటివన్నీ అక్కడ మాట్లాడుకుంటారు. మన లాయర్లు అయితే ఇలాంటి వాయిదాకి జూనియర్‌ని పంపి టైము అడిగించేస్తారు. ఇందులో కక్షిదారుకి పెద్దగా పనుండదు, లాయరుంటే చాలు. కాకపోతే లాయరు తప్పకుండా ఉండాలి.

అక్టోబరు 11, మంగళవారం పొద్దున. వాది లాయరు ఇండియానాపొలిస్ నుంచి రైల్వే లాయరుకి ఫోను కొట్టాడు. ఏవో కాగితాల పని మీద ఉన్నానన్నాడు. రేపు ఇంకో వాంగ్మూలం తీసుకునే కార్యక్రమం ఉంది కదా, దానికి రాకపోవచ్చునన్నాడు. కాన్ఫరెన్సుకి మాత్రం వస్తాననే అనుకుంటున్నానన్నాడు.

ఇంకా ఒక పగలూ ఒక రాత్రీ చేతిలో ఉన్నాయి. కారెక్కితే హామండ్ మూడు నాలుగు గంటల ప్రయాణం. బుధవారం తెల్లారింది. ఆయన కదల్లేదు.

10.45కి మోగిన ఫోనులో ఏం చెప్పాడో కోర్టు రికార్డులో ఉంది. రాష్ట్ర సుప్రీంకోర్టులో దాఖలు చెయ్యాల్సిన కాగితాలు తయారు చేస్తూ తీరిక లేకుండా ఉన్నాను. నిజానికి వాదనలో లేను. ఒంటిగంటకల్లా రాలేను. మళ్లీ తేదీ వేస్తే గురువారం మధ్యాహ్నం గానీ, శుక్రవారం ఏ వేళప్పుడైనా గానీ వస్తాను.

ఈ మాటల్ని ఇంకోసారి చదవండి. పై కోర్టులో నిలబడి వాదిస్తున్నానని ఉంటే ఏ జడ్జయినా ఊరుకునేవాడేమో. ఒళ్లు బాగోలేదంటే అయ్యో అనేవాడేమో. ఈయన అబద్ధం ఆడలేదు. వాదనలో లేనని తనే చెప్పేశాడు. ఆఫీసులో కూర్చుని కాగితాలు రాసుకుంటున్నానని ఒప్పేసుకున్నాడు. వాయిదా ఇమ్మని బతిమాలను కూడా లేదు. తనకి వీలైన రోజులు రెండు చెప్పాడంతే. సెక్రటరీ ద్వారా వెళ్లిన ఆ నిజాయితీ ఇంకాసేపట్లో ఆయన కేసు మీదకే తిరగబడబోతోంది.

ఒంటిగంటయింది.

రైల్వే తరఫు లాయరు సిద్ధం. జడ్జి సిద్ధం. వాది తరఫు కుర్చీ ఖాళీ. కాసేపు చూశారు. ఒంటిగంటన్నర దాటింది. రెండయింది. మూడు కావొస్తోంది. ఈ రెండు గంటల్లోనూ జడ్జి ఏ క్షణాన ఏమనుకున్నాడో ఎవరికీ తెలీదు. ఏం చేశాడో మాత్రం తెలుసు. పాత ఫైలు తిప్పాడు.

ఆరేళ్ల కిందట దావా పడటం, రైల్వే అడ్డం తిరగడం, అది పై కోర్టు దాకా పోయి వాది నెగ్గి తిరిగి రావడం, వచ్చాక మూడేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా గడిచిపోవడం, విచారణకి వేసిన తేదీలు రెండూ వాయిదాల్లో కొట్టుకుపోవడం, నోటీసు ముందే అందినా, నిన్ననే ఎదుటి లాయరుకి వస్తానని చెప్పినా, ఇవాళ పొద్దున ఫోనులో వాదనలో లేనని తన నోటితోనే అన్నా లాయరు ఇంకా రాకపోవడం, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చి, రాకపోవడానికి సరైన కారణం చూపించలేదని జడ్జి నిర్ణయానికొచ్చాడు.

దాదాపు మూడు గంటలకి దావా కొట్టేశాడు. ప్రీ-ట్రయల్‌కి లాయరు రానందుకు. దావా ముందుకు నడపనందుకు.

గమ్మత్తేమిటంటే కొట్టెయ్యమని రైల్వే అడగలేదు. అర్జీ పెట్టలేదు. జడ్జి తనంతట తనే చేశాడు. కొట్టేస్తున్నామని ముందుగా హెచ్చరికా లేదు, కొట్టేసే ముందు సంజాయిషీ అడగడమూ లేదు. పైగా అది మళ్లీ వేసుకోవడానికి వీలున్న కొట్టివేత కాదు. విచారణ జరిగి ఓడిపోయినట్టే లెక్క. రైలు గుద్దిందా, కారు గుద్దిందా, గేటు దగ్గర ఎవరు చూసుకోలేదు? ఇవేవీ ఇక ఎప్పటికీ ఏ కోర్టూ అడగదు.

మన కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ దృశ్యం బాగా ఎరుకే. పేరు పిలిచినప్పుడు వాది తరఫున ఎవరూ పలక్కపోతే ‘డిస్మిస్ ఫర్ డిఫాల్ట్’ అని ఒక ముక్క రాసి కట్ట పక్కన పడేస్తారు. అయితే 30 రోజుల్లోగా అదే కోర్టుకి పరిగెత్తి, ఫలానా కారణం వల్ల రాలేకపోయానని మెప్పించగలిగితే కేసు మళ్లీ నంబరెక్కుతుంది. ఎక్కుతుందో లేదోనని వరండాలో చెమటలు కక్కిన రైతులు మనకి జిల్లాకి వందల్లో ఉంటారు.

హామండ్‌లోనూ అలాంటి తలుపొకటుంది. ఫెడరల్ సివిల్ నిబంధనల్లో 60(బి). పొరపాటైంది, ఏమరుపాటైంది, క్షమించదగ్గది, దయచేసి ఆ ఉత్తర్వు తీసెయ్యండి అని అదే జడ్జిని అడుక్కోవచ్చు. మర్నాడే అడగొచ్చు. ఫోనులో చెప్పినట్టు గురువారమే వచ్చి అడగొచ్చు.

లాయరు ఆ తలుపు తట్టనే లేదు. నేరుగా అప్పీలుకి వెళ్లాడు.

షికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు 1961లో తేల్చేసింది. జడ్జి చేసింది సబబేనంది. ఇక మిగిలింది ఒకే ఒక్క మెట్టు. దేశంలో ఎన్ని కేసులొచ్చినా పిడికెడు మాత్రమే తీసుకునే సుప్రీంకోర్టు. అక్కడి తొమ్మిది మంది ఒక రైలు గుద్దుడు దావాని, అందులోనూ లాయరు ఒక మధ్యాహ్నం రాలేదన్న ముచ్చటని పట్టించుకుంటారా?

పట్టించుకున్నారు. 1962 వసంతం. వాషింగ్టన్.

బెంచి మీద తొమ్మిది కుర్చీలు. తీర్పు చెప్పింది ఏడుగురే. ఏప్రిల్లో జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌కి పక్షవాతం వచ్చింది. అదే నెలలో కొత్తగా ప్రమాణం చేసిన బైరన్ వైట్ ఈ కేసు జోలికి రాలేదు. ఏడుగురంటే సమంగా చీలే అవకాశం లేదు. ఎటో ఒకటి తేలాలి.

ఒకవైపు జాన్ మార్షల్ హార్లన్. తాతగారు కూడా అదే కోర్టులో, అదే పేరుతో జడ్జి. మనవడు న్యూయార్క్‌లో పెద్ద పెద్ద కంపెనీల తరఫున వాదించి వాదించి రాటుదేలినవాడు. పద్ధతి అంటే పద్ధతే.

ఎదురుగా హ్యూగో బ్లాక్. అలబామా మనిషి. జడ్జి కాకముందు బర్మింగ్‌హామ్‌లో దెబ్బలు తిన్నవాళ్ల తరఫున, చేతులూ కాళ్లూ పోగొట్టుకున్న కూలీల తరఫున కంపెనీల మీద దావాలు వేసి బతికిన ప్లీడరు. అప్పటికి ఆయన వయసు 76. రైలు గుద్దిన మనిషి దావా అంటే ఏమిటో, దానికోసం ఆ మనిషి ఎన్నేళ్లు కాచుక్కూచుంటాడో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చిక్కుముడి ఇదీ. దావా నడపకపోతే కొట్టెయ్యమని ప్రతివాది అడగొచ్చని 41(బి) నిబంధన చెబుతుంది. ప్రతివాది అడక్కపోతే? జడ్జే స్వయంగా కొట్టెయ్యొచ్చా? దాని గురించి నిబంధనలో ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని ఎవరు ఎలా వింటారన్నదాని మీద ఆధారపడి ఉంది కారాయన బతుకు.

1962 జూన్ 25. సోమవారం. ఎండాకాలం సెలవులకి ముందు ఆఖరి తీర్పుల రోజు.

హార్లన్ చదివాడు. కోర్టుల్లో పేరుకుపోయే కేసుల్ని వదిలించుకునే అధికారం జడ్జికి ఏ నిబంధనో ఇచ్చింది కాదు, నిబంధనలు పుట్టకముందు నుంచీ ఉన్నది. నిబంధన మౌనంగా ఉంటే ఆ పాత అధికారం చచ్చిపోయినట్టు కాదు. హెచ్చరిక లేదంటారా? ఇలాంటి పనికి ఎలాంటి ఫలితం ఉంటుందో లాయరుకి తెలిసే ఉండాలి. అన్యాయం జరిగిందంటారా? 60(బి) తలుపు తెరిచే ఉంది, మీరు తట్టలేదు. ఫోను చేశాడంటారా? చేశాడు. ఆ ఫోనులో చెప్పిన కారణం చాలదని జడ్జి అనుకోవడంలో తప్పేమీ కనిపించడం లేదు.

ఇంతవరకూ లాయరు గురించి. లాయరు చేసిన దానికి కక్షిదారుని ఎందుకు శిక్షించాలి? గదిలో అందరూ ఎదురుచూస్తున్నది ఈ ప్రశ్న కోసమే.

హార్లన్ తొణకలేదు. ఆ లాయరుని వాది తన ఇష్టప్రకారమే పెట్టుకున్నాడు. పెట్టుకున్న మనిషి చేసిందీ చెయ్యందీ తనకి అంటదంటే కుదరదు. లాయరు పాపం కక్షిదారుకి తగలకూడదని దావా నిలబెడితే, అదే పాపం తీసుకెళ్లి ఎదుటి పక్షం నెత్తిన రుద్దినట్టవుతుంది. ఆరేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నది రైల్వే కూడా కదా. ఇంతా చెప్పి, అధోజ్ఞాపికలో ఇంకో సంగతి చేర్చాడు. తన లాయరు మరీ బాధ్యత లేకుండా పని చేశాడనుకుంటే, వాది ఆ లాయరు మీదే దావా వేసుకోవచ్చు.

ఆరేళ్లు ఒక దావా నడిపి పోగొట్టుకున్నవాడికి ఇంకో దావా. కొత్త లాయరుతో, మొదటి నుంచి. అధోజ్ఞాపికల్లో ఇలాంటివి రాసేవాళ్లకి కోర్టు మెట్లెన్నో లెక్క తెలియదనుకోవాలి.

బ్లాక్ ఒప్పుకోలేదు. తన తప్పేమీ లేని మనిషిని, తనకి ఒక్క మాటైనా చెప్పకుండా, వేరే ఎవరో చేసిన పనికి ఇలా దండించడం న్యాయమే కాదన్నాడు. కేసుల దుమ్ము దులపడం మంచిదే. ఆ దులపడంలో దెబ్బతిన్న మనిషి హక్కు కూడా ఊడ్చుకుపోకూడదు. లాయరు చాటున నిలబడ్డ మామూలు మనిషికి అవతల ఏ గదిలో ఏ వాయిదా నడుస్తోందో ఎలా తెలుస్తుంది? ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ బ్లాక్ వెంట నడిచాడు. వారెన్ నాన్న రైల్వే కార్మికుడు. జస్టిస్ డగ్లస్ కూడా తీర్పుతో ఏకీభవించలేదు.

నలుగురు అటు. ముగ్గురు ఇటు.

ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటుతో దావా సమాధి అయింది. కారాయన పేరు లింక్. లా పుస్తకాల్లోకి ఆ దావా ‘లింక్ వర్సెస్ వాబాష్ రైల్‌రోడ్’ అన్న పేరుతో ఎక్కింది.

మర్నాటి పత్రికల్లో ఈ వార్తకి చోటు దొరకడం కష్టమే. అదే రోజు అదే కోర్టు ఇంకో తీర్పు చెప్పింది. ప్రభుత్వ పాఠశాలల్లో సర్కారు రాసిచ్చిన ప్రార్థన చదివించకూడదని. అమెరికా అట్టుడికిపోయింది. ఆ తీర్పు రాసింది ఎవరో కాదు, హ్యూగో బ్లాకే. ఒకే రోజున ఆయన కలం దేశాన్ని ఊపేసింది, కారాయన్ని మాత్రం కాపాడలేకపోయింది.

పందొమ్మిదేళ్ల తర్వాత, 1981లో, సరిగ్గా ఇదే ప్రశ్న ఢిల్లీలో మన సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కింది. రఫీక్ వర్సెస్ మున్షీలాల్. అలహాబాద్ హైకోర్టులో అప్పీలు, పిలిచిన వేళకి లాయరు లేడు, అప్పీలు పోయింది. జస్టిస్ డి.ఎ. దేశాయ్ ముందు అదే వాదన. లాయరుని పెట్టుకుని, ఫీజు కట్టి, ఇక ఆయనే చూసుకుంటాడని నమ్మి ఊరెళ్లిపోయిన పల్లెటూరి మనిషి హైకోర్టుకొచ్చి లాయరు హాజరయ్యాడో లేదో కాపలా కాయాలా? అక్కర్లేదన్నాడు దేశాయ్. అప్పీలు బతికించాడు. ఖర్చులు మాత్రం రాని లాయరు దగ్గర వసూలు చెయ్యమన్నాడు. హామండ్‌లో ఆ మధ్యాహ్నం జడ్జి చేతికి ఇలాంటి దారి దొరక్క కాదు. ఆయన పట్టుకోలేదు.

వాబాష్ రైల్‌రోడ్ ఆ విజయాన్ని ఎక్కువకాలం అనుభవించలేదు. తీర్పొచ్చిన రెండేళ్లకి, 1964 అక్టోబరులో, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేకి లీజుకి పోయింది. రైలు పోయింది, కారు పోయింది. తీర్పు మిగిలింది. గడువు దాటించిన ప్రతి లాయరు కేసులోనూ ఎదుటివాళ్లు దాన్ని బయటికి లాగడం మొదలెట్టారు.

అలా లాగి లాగి 1993లో మళ్లీ సుప్రీంకోర్టుకే తెచ్చారు. ఈసారి ఒక దివాలా వ్యవహారం. అప్పులవాళ్లు తమ బాకీల చిట్టాలు 1989 ఆగస్టు 3లోపు దాఖలు చెయ్యాలి. వాళ్ల లాయరు 20 రోజులు ఆలస్యం చేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే తను పాత లా ఫర్మ్‌లోంచి బయటికొస్తున్నాననీ, అంతా గందరగోళంగా ఉండిందనీ చెప్పుకున్నాడు. తీరిక లేదన్న సాకు మళ్లీ బెంచి ముందుకొచ్చింది.

తీర్పు రాసే వంతు ఎవరికొచ్చిందంటే, 1962లో ఈ గొడవకి దూరంగా కూచున్న ఆ కొత్త జడ్జికి. బైరన్ వైట్ ఇప్పుడు ముసలివాడు. రిటైర్మెంటుకి మూడు నెలలుంది.

వైట్ ముందు హార్లన్ పక్షానే నిలబడ్డాడు. లాయరు చేసినదానికి కక్షిదారు జవాబుదారీ అంటూ లింక్ కేసునే ఉదాహరించాడు. లాయరు ఆఫీసు గందరగోళానికి తాము పెద్దగా విలువివ్వమన్నాడు. ఆ కాగితం చదువుతుంటే 20 రోజుల ఆలస్యానికి ఇక దిక్కులేదనే అనిపిస్తుంది. అక్కడే మలుపు తిప్పాడు. ఆ గడువు తేదీని కోర్టు ఎక్కడ రాసింది? అప్పులవాళ్ల సమావేశానికి పంపిన నోటీసులో, ఎవరి కంటా పడని చోట. అది లాయరు తప్పొక్కటే కాదు. ఎదుటివాళ్లకి నష్టమూ జరగలేదు, మోసం చేసే ఉద్దేశమూ లేదు. క్షమించొచ్చు.

లింక్ తీర్పుని ఆయన కొట్టెయ్యలేదు. పక్కనే పెట్టుకుని, ఇది వేరన్నాడు. ఒప్పుకున్నవాళ్లు అయిదుగురు, కాదన్నవాళ్లు నలుగురు.